మూడో నంబరు ఏడుపు

వార్తా చానల్లో ఇరవై రెండేళ్లు ఎడిటింగ్ బల్ల ముందు కూర్చున్నాక ఆయనకు చదువు మీద మనసు పుట్టింది. ఆఫీసులో అందరూ కత్తెర అని పిలిచే ఆ మనిషి నలభై తొమ్మిదేళ్ల వయసులో యూనివర్సిటీలో మీడియా, సంస్కృతి కోర్సులో చేరితే, పిల్లలు పేరు మార్చి బాబాయ్ అన్నారు. బాబాయ్ మొదటి బెంచీలో కూర్చుని, మేడమ్ దగ్గినా రాసుకునేలా ఉండేవాడు.

ఆ రోజు పాఠం దుఃఖం గురించి. మేడమ్ ఎనిమిదేళ్లుగా దాని మీదే పరిశోధన చేస్తున్నారు. పుస్తకం వచ్చే నెల అచ్చుకు వెళ్తుంది. తెర మీద ఐదు పాత వార్తా క్లిప్పులు వేశారు. వరద, గని ప్రమాదం, బస్సు బోల్తా, ఇలా ఐదు చోట్లు, ఐదు కుటుంబాలు.

"కళ్లు మూసుకుని వినండి. గొంతు ఎక్కడ లేస్తోంది, ఊపిరి ఎక్కడ తెగుతోంది? ఒకరినొకరు ఎరగని ఐదుగురు ఆడవాళ్లు ఒక్కలాగే ఏడుస్తున్నారు. దీన్నే నేను ఉమ్మడి దుఃఖభాష అంటున్నాను."

పిల్లలు నోళ్లు తెరిచారు. బాబాయ్ చటుక్కున కళ్లు తెరిచాడు. ఒక్కలాగే ఏమిటి, ఒక్కటే! ఊపిరి తెగిన చోట సన్నగా ఇనప గేటు కిర్రుమంటుంది. ఎడిటింగులో ఎంత చెరిపినా పోని ఆ కిర్రు తన సొంతింటి గేటుదే.

ప్రమాదం జరిగిన చోటి శబ్దం గాలిహోరుతో పాడైపోతే, రికార్డు చేసి దాచిపెట్టుకున్న ఏడుపుల్లోంచి ఒకటి తీసి అతికించడం ఎడిటర్ల పనిలో మామూలు. వాటికి పేర్లుండవు, నంబర్లే. అన్నింట్లోకీ నికార్సయినది మూడో నంబరు; ఈ ఐదు క్లిప్పుల్లోనూ ఆయన అతికించింది అదే. నాన్న పోయిన రోజు అక్క ఏడ్చిన ఏడుపది. జేబులో రికార్డరు ఆన్‌లో ఉండిపోవడం పొరపాటే. వారం తర్వాత విని, "ఎంత బాగా వచ్చింది!" అనుకుని దాచుకోవడం మాత్రం పొరపాటు కాదు. ఆ బుద్ధికి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పండి.

ఇప్పుడు నోరు విప్పితే మేడమ్ ఎనిమిదేళ్ల శ్రమ మట్టిపాలు. విప్పకపోతే అక్క ఏడుపు సిద్ధాంతమై అచ్చవుతుంది. క్లాసయ్యాక మేడమ్ గదికి వెళ్లి చెప్పేశాడు.

ఆవిడ ముందు నవ్వారు. ఐదింటినీ ఒకేసారి మోగించి విన్నాక ఆ నవ్వు పోయింది. "నా పుస్తకం..." అని ఆగిపోయారు. ఆపైన, "మీ అక్కగారికి తెలుసా?" అన్నారు.

"తెలియదండీ."

"ముందు ఆవిడకి చెప్పండి. నా సంగతి తర్వాత చూద్దాం."

వరండాలోకొచ్చి ఫోన్ చేశాడు. మొత్తం చెప్పాడు.

"తెలుసురా," అంది అక్క.

"ఎప్పట్నుంచి?"

"పదకొండేళ్లయింది. వరద వార్తల్లో విన్నా. నా గొంతు నేను గుర్తుపట్టనా? నీ ఉద్యోగానికి ఏం ముంచుకొస్తుందోనని ఊరుకున్నా."

ఆయన ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"అప్పట్నుంచి గట్టిగా ఏడవాలంటే భయంరా. అదీ ఎక్కడో వేసేస్తావేమోనని. మీ బావ పోయిన రోజు చూశావుగా, నోరు నొక్కుకుని కూర్చున్నా."

చూశాడు. ఆ రోజంతా పక్కనే కూర్చుని, మా అక్క ఎంత గట్టి మనిషో చూశారా అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పాడు.