చెమట పట్టని సమ్మెటగాడు

కొలిమి పనిలో పెద్దాయనకు సాటి వచ్చే సమ్మెటగాడు లేడు. పన్నెండో ఏట సమ్మెట ఎత్తాడు. నలభై ఏళ్లలో ఒక్క దెబ్బ గురి తప్పలేదు. వంతెనకు మేకులు, ఓడలకు గొలుసులు, జైలుకు ఊచలు, అన్నీ ఆ చేతివే. కాగిన ఇనుమును పట్టుకారుతో దాగలి దిమ్మె మీద పట్టేది తమ్ముడు. అతను చిన్న సుత్తితో ఎక్కడ తడితే అక్కడే అన్న సమ్మెట పిడుగులా పడేది.

పన్నెండేళ్లుగా షుగరు ఉన్నా పెద్దాయన లెక్కచేయలేదు. రెండేళ్లుగా కాళ్లకు చెమట చుక్కే లేదు. అదీ ఆయనకో గొప్పే.

"కొలిమి ముందు నా కాళ్లు చూడరా, ఎంత పొడిగా ఉన్నాయో! నువ్వేమో తడిసిన కోడివి" అని తమ్ముణ్ణి ఎద్దేవా చేసేవాడు. వంగి లేచినప్పుడు కళ్లు చీకట్లు కమ్మితే పొగ అనుకునేవాడు.

ఆ పొద్దున తమ్ముడు తెగించాడు.

"ఇక సమ్మెట నాకివ్వన్నయ్యా. నీ పనైపోయింది."

"ముందు పట్టుకారు వణక్కుండా పట్టుకోరా!"

పళ్లు కొరుక్కుంటూనే పనిలోకి దిగారు. పెద్దాయన వంగి, కింద ఉన్న సమ్మెట అందుకుని, చటుక్కున లేచి ఎత్తాడు. కళ్లముందు నల్లటి తెర పడింది. సమ్మెట పట్టుకారును విరగ్గొట్టింది. ఎర్రటి ఇనుము ఎగిరి తమ్ముడి భుజాన్ని కాల్చేసింది.

"చంపుదామనుకున్నావా!" తమ్ముడు విరిగిన పట్టుకారుతో అన్న మొహాన కొట్టాడు. పెదవి చీలి రక్తం చిమ్మింది. అన్న వాడి గొంతు పట్టి గోడకేసి బాదాడు. పెద్దాయన భార్య పరుగున వచ్చి బకెట్టు నీళ్లు ఇద్దరి మీదా కుమ్మరించింది. పెద్దాయన జారి కూలబడ్డాడు, లేచి నిలబడి మళ్లీ దబ్బున పడ్డాడు.

"ఈయన తూలుతున్నాడు మరిదీ, చూడు!" అంటూ ఇద్దర్నీ ఆస్పత్రికి ఈడ్చుకెళ్లింది.

డాక్టరమ్మ పెద్దాయనను పడుకోబెట్టి బీపీ చూసింది, నూట నలభై. నిలబెట్టి చూసింది, నూట ఎనిమిది. గట్టిగా ఊపిరి తీయించింది. ఊపిరితో పాటు మారాల్సిన నాడి వేగం కాస్తయినా మారలేదు.

పొడిబారిన పాదాలు తడిమింది. "కాళ్లకు చెమట ఎప్పుడు ఆగింది?"

"రెండేళ్లమ్మా. అది బలం."

"బలం కాదు బాబాయ్. షుగరు మీ నరాలను తింటోంది. బీపీని, గుండెను, చెమటను నడిపే నరాలవి. లేవగానే బీపీ పడిపోయి కళ్లు చీకట్లు కమ్మేది అందుకే. ఇంకా ముదరకముందే దొరికింది. షుగరు అదుపులో పెట్టండి, నెమ్మదిగా లేవండి. సమ్మెట మాత్రం ముట్టొద్దు."

భుజానికి కట్టు కట్టించుకుంటున్న తమ్ముడు తలెత్తాడు. "అయితే కావాలని కొట్టలేదా?"

"నిన్నే కొట్టాలనుకుంటే గురి తప్పుతానట్రా!"

భుజం మానాక తమ్ముడు సమ్మెట ఎత్తాడు. పెద్దాయన పీట మీద కూర్చుని పట్టుకారు పట్టాడు. ఆయన భార్య గుమ్మంలో ఊపిరి బిగబట్టింది. పెద్దాయన సుత్తితో ఇనుము మీద తట్టాడు.

"ఇక్కడరా. నా మీద కసి ఉంటే ఇక్కడ తీర్చుకో."

సమ్మెట ఆయన పిడికిలికి జానెడు దూరంలో ఉరిమినట్టు పడింది. చెయ్యి కదల్లేదు.

"ఒకటి" అని తమ్ముడి గురి తప్పని దెబ్బల లెక్క మొదలుపెట్టాడు పెద్దాయన.