అంటదని రాయించుకున్న చీటీ

తెల్లవారి ఫజర్ నమాజు అయ్యాక రసూల్‌బీ ఖాలా తన ఇంటికీ మా ఇంటికీ నడుమ ఉన్న పొట్టి గోడ దగ్గరికి వచ్చి నిలబడేది. ఆ వేళకు నేను వాకిలి చిమ్ముకుంటూ ఉండేదాన్ని. ఆమె తల మీది కొంగు వెనక్కి తీసి, ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి, "చూడుమే ఇర్ఫానా, తగ్గిందా?" అని అడిగేది. ఇంట్లో అద్దం లేక కాదు. అద్దంలో చూసుకుంటే తన భయమే కనబడుతుందనీ, పక్కమనిషి కళ్ళకైతే ఉన్నది ఉన్నట్టు కనబడుతుందనీ ఆమె నమ్మకం.

నేను చీపురు గోడకు ఆనించి దగ్గరికి వెళ్ళి చూసేదాన్ని. రెండు బుగ్గలూ, ముక్కూ, గడ్డమూ వేడి పెనం తగిలినట్టు ఎర్రగా ఉండేవి. ఆ ఎరుపు మీద సన్నని పొక్కులు, కొన్ని చీము పట్టినవి. "నిన్నటి మీద కొంచెం తగ్గింది ఖాలా" అనేదాన్ని. ఆమె "అల్హందులిల్లా" అనుకుంటూ లోపలికి పోయేది. ఆరేళ్ళు దాదాపు ప్రతి ఉదయం ఆ మాటే చెప్పాను. ఆమె మనసు నొప్పించకూడదనే చెప్పాను. అయినా అది అబద్ధమే.

ఖాలా అంటే పిన్నమ్మ. వరసకు ఆమె నాకు ఏమీ కాదు, మా వీధిలో అందరికీ ఖాలాయే. ఆమె భర్త ఖలీలుల్లా మా ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కేవాడు. ఆయన చెక్కినవాటిని ఆమె గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేది. ఆయన పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. ఆ తర్వాత కూడా వేరేవాళ్ళు చెక్కిన చెంచాలు తెచ్చుకుని, గడపలో కూర్చుని రుద్దుకుంటూ బతికింది.

ఊరికి ఆమె తెలిసింది మాత్రం చెంచాల వల్ల కాదు. మాలో ఆడమనిషి చనిపోతే మట్టికి తీసుకుపోయే ముందు ఆడవాళ్ళే స్నానం చేయించాలి. దాన్ని గుసుల్ అంటాం. అందులో ఒక క్రమం ఉంది. ఏ వైపు ముందు కడగాలి, ఎన్నిసార్లు కడగాలి, బట్ట తొలగకుండా నీళ్ళు ఎట్లా పోయాలి అన్నది తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసినా శవాన్ని తాకే ధైర్యం ఉన్నవాళ్ళు ఇంకా తక్కువ. రసూల్‌బీ ఖాలా తన అత్త దగ్గర నేర్చుకుని ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసింది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. కరోనా వచ్చిన ఏడాది సొంతవాళ్ళే దూరంగా నిలబడిన ఇళ్ళకు కూడా వెళ్ళింది.

మా అమ్మకు ఆమే చేయించింది. నేను నీళ్ళు అందించాను. ప్రతి చెంబూ ముందు తన మోచేతి మీద కొంచెం పోసుకుని వేడి చూసుకునేది. అమ్మను పక్కకు తిప్పేటప్పుడు, "కొంచెం ఇటు రా తల్లీ, అయిపోవచ్చింది" అని బతికి ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. జుట్టు మూడు పాయలుగా విడదీసి అల్లింది. అమ్మ పోయిన దుఃఖంలో కూడా, ఆ చేతుల్లో అమ్మకు ఏ కష్టమూ లేదని నాకు అనిపించింది.

ముఖానికి ఆ జబ్బు మొదలైనప్పుడు ఎండకు కమిలిందనుకున్నాం. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో వైద్యం చెప్పడం మొదలుపెట్టారు. చెప్పి ఊరుకోలేదు, తెచ్చి కూడా ఇచ్చారు. నాకు అవి గుర్తున్నాయంటే మందులుగా కాదు, మనుషులుగా గుర్తున్నాయి. వెనక వీధి చెంచులక్ష్మి తన పిల్లల పాలలోంచి తీసి రోజూ గ్లాసుడు మేకపాలు పంపింది, దూది ముంచి అద్దుకొమ్మని. కామాక్షమ్మ పెరట్లో కలబంద మొత్తం మా ఖాలా ముఖానికే అయిపోయింది. వేపాకూ పసుపూ, ముల్తానీ మట్టి, తేనెలో నిమ్మరసం, వెల్లుల్లి నూరిన ముద్ద అన్నీ అయ్యాయి. మెడికల్ షాపులో అడిగి నేనే ఒక ట్యూబు తెచ్చాను. పూసిన వారం నునుపుగా ఉండి, మానేస్తే రెట్టింపు ఎరుపెక్కింది. ఒక గురువారం ఇద్దరం అనుమసముద్రంపేట దర్గాకు పోయి దువా చేసుకుని వచ్చాం. వచ్చే దారిలో, తన ముఖం సంగతి అడగడం మరిచిపోయి చెంచులక్ష్మి మేక ఈనడం గురించి అడిగేశానని ఆమె నవ్వింది.

ఆమె చిన్నప్పటి స్నేహితురాలు మస్తాన్‌బీ మాత్రం ఈ వైద్యాలన్నిటినీ ఎగతాళి చేసేది. ఒక సాయంత్రం వచ్చి, వెల్లుల్లి ముద్ద పూసుకుని కూర్చున్న ఆమెను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"వంటింట్లో ఉండేదంతా ముఖానికే పెట్టినావు గదమే. ఇంక ఉప్పూ కారం ఒకటే తక్కువ."

"అయితే రొట్టె తెచ్చుకో, తినిపో" అంది ఖాలా.

"నాకొద్దులే. నేను చచ్చినప్పుడు మాత్రం ఆ చేతులు కడుక్కోని రా. నా మడమలు బాగా రుద్దాల నువ్వు. పగుళ్ళు ఉండాయి, అల్లా ముందర పరువు పోతాది."

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

సీతారామపురం వైపు నుంచి చెంచాలకు కొయ్య తెచ్చే మాలకొండయ్యకు ఆకు వైద్యం కొంత తెలుసు. ఆయన ఆమెను చూసి జాలిపడి, రేగాకు కాచిన నీళ్ళతో పొద్దున్నే ముఖం కడుక్కుంటే చలవ చేస్తుందని చెప్పాడు. మరుసటి రాకలో మూటెడు లేత రేగాకు కోసుకొచ్చి ఇచ్చాడు కూడా. మంచి మనసుతోనే ఇచ్చాడు. అయితే మాలో శవస్నానానికి కాచే నీళ్ళలో వేసేది కూడా రేగాకే. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఖాలాకు తెలుసు గానీ, తప్పేముంది, ఆకు ఆకే కదా అనుకుంది.

ఒకరోజు పొద్దున, అంతకు ముందు రోజే ఒకరింట్లో గుసుల్ చేయించి వచ్చిన ఆమె, గుమ్మం ముందు రేగాకు నీళ్ళతో ముఖం కడుక్కోవడం దారిన పోయేవాళ్ళు చూశారు. సాయంత్రానికి మాట తయారైంది. శవాన్ని కడగ్గా మిగిలిన నీళ్ళు ఇంటికి తెచ్చుకుని ముఖం కడుక్కుంటోందట, అందుకే ఆ ముఖం అట్లా అయిందట, అది తగిలినవాళ్ళకు అంటుకుంటుందట. మూటలో మిగిలిన ఆకు నేను ఎత్తి చూపించి చెప్పాను. విన్నవాళ్ళు తల ఊపారు. ఊపి వెళ్ళి మళ్ళీ అదే చెప్పుకున్నారు.

ఆ తర్వాత మా వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు పోయారు. రెండిళ్ళ నుంచీ ఆమెకు పిలుపు రాలేదు. ఆత్మకూరు నుంచి వేరే ఆమెను పిలిపించుకున్నారు. రెండోసారి ఖాలా తెల్లచీర కట్టుకుని, శవాన్ని మోసుకుపోయే జనాజా మా వీధి చివర మలుపు తిరిగేదాకా గడపలో కూర్చునే ఉంది. అప్పుడు నాతో అంది. "అందం పోయిందని కాదుమే నా ఏడుపు. నా వయసుకు అందం ఎందుకు? బిడ్డలు లేరు, హజ్జుకు పోలేదు. ఈ పని ఒక్కటే నాది అని చెప్పుకునేదానికి ఉండేది. ఇదీ పోతే రేపు అల్లా ముందర ఏం చూపించాల నేను?"

ఆ వారమే ఆమెను ఆత్మకూరులో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బస్సులో ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి ఆమె ముఖం చూసి, దుత్తలూరులో సీటు ఖాళీ కాగానే లేచి ముందుకు పోయింది. ఖాలా కొంగు ఇంకా కిందికి లాక్కుంది. ఆ స్టాపులోనే ఎక్కిన రాహేలమ్మ అనే పెద్దావిడ, వేరే సీట్లు ఉన్నా ఆమె పక్కనే ఆనుకుని కూర్చుని, సంచిలోంచి రెండు జామకాయలు తీసి ఒకటి ఆమె చేతిలో పెట్టింది. ఏ ఊరనీ అడగలేదు, ఏం జబ్బనీ అడగలేదు. ఆమె పిల్లాపాపలను ప్రభువు చల్లగా చూడాలి.

డాక్టరమ్మ వయసులో చిన్నది. ఖాలా ముఖం దీపం కింద చాలాసేపు చూసింది. ఏమేమి పూశారో ఒక్కొక్కటీ అడిగి రాసుకుంది. నిమ్మరసం, వెల్లుల్లి, ట్యూబు దగ్గరికి వచ్చేసరికి కలం ఆపింది.

"ఇవన్నీ ఎవరమ్మా పెట్టమన్నది?"

"అందరూ మంచోళ్ళే మేడం" అంది ఖాలా.

"పెట్టాక తగ్గిందా?"

"ఈ బిడ్డ రోజూ చూస్తాది. తగ్గిందనే చెప్తాది."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. మంట ఎక్కువవుతున్నా ఆమె ఆ నిమ్మరసం ఆపకుండా పూసుకున్నది నా మాట పట్టుకునే. నా అబద్ధం ఆ చర్మం మీద కనబడుతోంది.

ఇది అంటుకునే జబ్బు కాదనీ, అట్లాగని పూర్తిగా మానేదీ కాదనీ, ఎండా పొగా వేడీ దుమ్మూ తగలకుండా చూసుకుంటూ మందు వాడితే అణిగి ఉంటుందనీ డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. మానదన్న మాటకు ఖాలా ఏడవలేదు. రెండు చేతులూ జోడించి ఒక్కటే అడిగింది. "అంటదని ఒక చీటీ రాసియ్యండి మేడం. తెలుగులో రాయండి. మా వీధిలో చదవాల."

అట్లాంటి చీటీ డాక్టరమ్మను ఎవరూ ఎప్పుడూ అడిగి ఉండరు. అయినా రాసింది. "ఈమె ముఖం మీది జబ్బు అంటువ్యాధి కాదు. తాకినా ఎవరికీ రాదు." కింద సంతకం చేసి ముద్ర వేసింది. ఖాలా దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి జాకెట్లో దాచుకుంది. ఊరికి వచ్చాక మొదట మస్తాన్‌బీకి చూపించింది. మస్తాన్‌బీకి చదువు రాదు. చీటీ కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేసి, "నాకెందుకుమే ఇది, మనకు పనికిమాలిన కాగితం" అంది.

నెల తిరక్కుండానే మస్తాన్‌బీ పోయింది. పొద్దున టీ తాగుతూ గుండె పట్టుకుని ఒరిగిపోయిందట. కబురు వినగానే ఖాలా ఎవరి పిలుపుకూ ఎదురుచూడలేదు. చేతులు కడుక్కుని, తెల్లచీర కట్టుకుని నాతో బయలుదేరింది.

మస్తాన్‌బీ కోడలు ఇష్రత్ మంచి పిల్ల. కానీ చంకలో నాలుగు నెలల బిడ్డ ఉంది. చుట్టూ వచ్చిన ఆడవాళ్ళు ఏం చెప్పారో, ఆమె ఏం భయపడిందో, ఎదురొచ్చి ఖాలాకు రెండడుగుల దూరంలో ఆగిపోయింది. "మీరు కూర్చోండి ఖాలా. మీకు ఆరోగ్యం బాగలేదు గదా. మేం చేసుకుంటాం" అంది. గొంతులో ఏ కటుత్వమూ లేదు.

ఖాలా జాకెట్లోంచి చీటీ తీసి మస్తాన్‌బీ కొడుకు సమీవుల్లాకు ఇచ్చింది. అతను ఏడుపు దిగమింగుకుంటూ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మడతలు చెడకుండా మళ్ళీ మడిచి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"నాకు తెలుసు ఖాలా. నువ్వు కడిగితే మాయమ్మ సంతోషపడతాది. కానీ ఈ రోజు ఈ ఆడోళ్ళందరితో పోట్లాడేదానికి నాకు శక్తి లేదు."

ఆమె "సరేలే నాయనా" అంది. అతనే నీడలో కుర్చీ వేసి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

పెరట్లో పరదా కట్టారు. నలుగురం లోపలికి వెళ్ళాం. మెడికల్ షాపు నుంచి తెచ్చిన గ్లౌజులు ఎవరో అందరి చేతుల్లోనూ పెట్టారు. అందరూ తొడుక్కున్నారు. నేనూ తొడుక్కున్నాను. కొంతసేపటికి ఏది ముందో ఏది తర్వాతో ఎవరికీ సరిగ్గా గుర్తు రాక చేతులు ఆగిపోయాయి. అప్పుడు పరదా అవతల నుంచి ఖాలా గొంతు వినిపించింది.

"ముందర వజూ చేయించండి. కుడి చెయ్యి. తొందరేం లేదు."

వజూ అంటే నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కోవడం. ఆమె చెప్పినట్టు చేశాం. కుడి పక్క, తర్వాత ఎడమ పక్క. జుట్టు. బట్ట కిందుగా నీళ్ళు. ఆమెకు మేము కనబడం. నీళ్ళ చప్పుడు విని ఎంతవరకు వచ్చామో తెలుసుకుంటున్నట్టుంది. చివరకు వచ్చేసరికి ఆమె ఇంకొకటి చెప్పింది. "మడమలు రుద్దండమ్మా. అది ఒకటే అడిగింది నన్ను." ఇష్రత్ మోకాళ్ళ మీద కూలబడి అత్త పాదాలు పట్టుకుని గట్టిగా ఏడ్చింది. అయినా పరదా ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మూడో రోజు సమాధి దగ్గర దువా చేసే జియారత్ అయ్యాక ఖాలా గోడ దగ్గరికి వచ్చింది. ముఖం నాకు చూపించలేదు, తగ్గిందా అని అడగలేదు. "ఆ రోజు నీళ్ళు గోరువెచ్చగా ఉండినాయా?" అని మాత్రం అడిగింది.

ఉన్నాయని చెప్పడానికి నోరు తెరిచాను. ఈసారి అబద్ధం రాలేదు. "తెలియలేదు ఖాలా. చేతులకు గ్లౌజులు ఉన్నాయి" అన్నాను.

ఆమె గోడ మీద చెయ్యి ఆనించింది. కోపం లేదు ఆ ముఖంలో. అలసట ఉంది.

"ఇంక నన్ను ఎవరూ పిలవరులే. నువ్వు వస్తా పోతా వింటా ఉండు, మొత్తం నేర్పిస్తా. నా తర్వాత ఈ వీధిలో నువ్వు చెయ్యి" అంది. నేను తల ఊపాను. తర్వాత గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసి అంది.

"ఇంకొకటి అడుగుతానుమే ఇర్ఫానా, కాదనొద్దు. నా దినం వచ్చినప్పుడు ఒళ్ళంతా మీరు ఎట్లా కడిగినా సరే. ముఖం కాడికి వచ్చేసరికి నువ్వొక్కదానివి ఆ తొడుగులు తీసేసి, వట్టి చేత్తో కడుగు."