ఏటిగట్టు అత్త పోయిన రోజు

ఇలా చాప మీదికి జరిగి కూర్చోండి. ఇది మెల్లగా చెప్పుకోవలసిన సంగతి.

నా చిన్నప్పుడు, గోదారికి ఇంకా ఆనకట్ట కడుతున్న రోజుల్లో, మా ఊరి ఏటిగట్టు మీద పడవ నడిపే ఆయన భార్య ఒకామె ఉండేది. నేను ఏటిగట్టు అత్త అనేదాన్ని. కులం వేరు, చుట్టరికం లేదు. నేను పుట్టగానే మా అమ్మకు జబ్బు చేసి పాలు పడకపోతే, తన బిడ్డతో పాటు నాకూ పాలిచ్చి బతికించింది. వరదకు మా ఇల్లు మునిగితే మమ్మల్ని తమ పడవలో పడుకోబెట్టి, తాను గట్టు మీద వానలో తడిసింది. మా మామ్మకు ఆమెతో రెండు మాటలు చెప్పుకోనిదే పొద్దు పోయేది కాదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆమె జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. ఆ ఉదయం దహనమయ్యాక మామ్మ ఏట్లో మునిగి, తడిబట్టలతోనే వచ్చి మా పొయ్యిలో నీళ్లు పోసింది. పొయ్యి ఆర్పుకునేది చావింటివాళ్లే. మాకు ఆ మైల లేదు.

"ఊరు నవ్వుద్దండి అత్తగారూ. ఆవిడ మనకేవవుద్దని?" అంది మా పిన్ని. మామ్మ మిగిలిన నిప్పుల మీద కూడా నీళ్లు చల్లింది.

మధ్యాహ్నానికి నాకు కళ్లు తిరిగాయి. అత్త చచ్చిపోతే నేనెందుకు పస్తుండాలి అని ఏడ్చాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడతాను.

మామ్మ కొట్టలేదు. ఒళ్లోకి తీసుకుని, "ఆకలంటే ఇదేనమ్మా. పుట్టిన నాడే నీకిది తెలవాల్సింది. ఆవిడ తెలవనివ్వలేదు" అంది.

పొద్దు వాలుతుండగా దడి అవతల అత్త చెల్లెలు కనిపించింది. చుట్టాలు వాళ్లకు తెచ్చిన అన్నంలోంచి కొంత కుండలో పెట్టుకుని వచ్చింది. లోపలికి రాలేదు.

"మీ ఇంటి మీద పొగ లేదని చూసి బావగారు పంపేరండి. మా కూడు ముడతారో లేదోనండి."

"ఆయ్, ఎందుకు ముట్టమమ్మా" అంటూ మామ్మ ఎదురెళ్లి, ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. మామ్మ అప్పటిదాకా బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు బయటికొచ్చింది. ఆ అన్నం అందరం పంచుకుని తిన్నాం. చివరికి పిన్ని కూడా ఆకు తెచ్చుకుని మా పక్కన కూర్చుంది.

ఎవరైనా పోతే చుట్టాలకు అన్నం పట్టుకెళ్లేవాళ్లు ఊళ్లో చాలామంది ఉంటారు. చుట్టం కాకుండా ఏడ్చేవాళ్లు కూడా ఎక్కడో ఒకరుంటారు. వాళ్లు తిన్నారా అని ఎవరూ అడగరు. నేను గిన్నె పట్టుకుని ముందు వాళ్ల గుమ్మానికే వెళతాను.

మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి. పిలవకపోయినా వచ్చి పక్కన కూర్చునేవాళ్లు మీ ఇంటికి ఎప్పుడూ ఉండాలి.