పట్టు కవచానికి పరీక్ష

ఆ పరీక్షశాలలో జెలటిన్ దిమ్మెలు పోసేది జెల్లీ అక్క. మనిషి కండలా మెత్తగా ఉండే దిమ్మెకు పట్టుపొరల కవచం తొడిగి, తుపాకీతో కాల్చి చూస్తారు. కాపలా పని చేసే ఆమె తమ్ముడు నాసిరకం కవచాన్ని నమ్మి తూటాకు బలయ్యాడు.

ఆ రోజు తూటా పట్టును చీల్చుకుని దిమ్మెలోకి దూసుకుపోయింది.

"పాసయిందని రాసెయ్," అన్నాడు మేనేజరు.

"అయితే మీరే తొడుక్కుని నిలబడండి సార్. మళ్ళీ కాల్పిద్దాం."

మేనేజరు ఆమె చెంప ఛెళ్ళుమనిపించాడు. పెదవి చిట్లి నోరంతా నెత్తురైంది. అక్క నెత్తురు ఉమ్మేసి, పరీక్ష కాగితం మీద "ఫెయిల్" అని రాసింది.

తుపాకీ పేల్చే పెద్దాయన మధ్యకు వచ్చాడు. "ఇంకోసారి చెయ్యెత్తావంటే విరిచేస్తా!" అని, ఆ కాగితం అడుగున తనూ సంతకం పెట్టాడు.

ఆ కవచాల సరుకు గేటు దాటలేదు. వాటిని ముక్కలు చేసినప్పుడు మొదటి కత్తెర అక్కే వేసింది.