బ్యాటరీ వైరు తగిలించినప్పుడల్లా

నా కారుకు దొంగల భయం లేదు. అది పాతది. పైగా ధవళేశ్వరంలో మా వీధి ఎంత ఇరుకంటే, దాన్ని ఎత్తుకుపోదామనుకున్నవాడు ముందు ఎదురింటివాళ్ళను బతిమాలి అరుగు పక్కనున్న మంచం జరిపించుకోవాలి. అయినా దానికో అలారం ఉండేది. కారు కొన్న వారానికే నా భార్య రాజమండ్రి తీసుకెళ్ళి, నేను వద్దంటున్నా వినకుండా, దగ్గరుండి పెట్టించింది. పిల్లి ఎక్కినా, పక్క దొడ్లో కొబ్బరిమట్ట రాలినా కారు వీధంతా వినేలా గోల పెట్టేది. ఆవిడకు అదో ముచ్చట. నాకు తలనొప్పి.

ఆవిడ పోయాక, నేను ఇరిగేషన్ ఆఫీసులో రిటైరయ్యాక, కారుకు పని లేకుండా పోయింది. చర్చికి నడిచే వెళ్తాను. కూరలు వీధిలోకే వస్తాయి. పిల్లలు లేరు. చుట్టాలు పెళ్ళిళ్ళకు పిలుస్తారు, అంతే. ఎప్పుడైనా బుద్ధి పుట్టి తాళం తిప్పితే కారు టిక్కుటిక్కుమనేది తప్ప ఇంజను కదిలేది కాదు. కొత్త బ్యాటరీ వేయించాను. కొన్నాళ్ళకు అదీ చచ్చింది.

మెకానిక్ వచ్చి చూసి నవ్వాడు. "కారు నిద్దరోయినా మీ అలారం నిద్దరోదండి. కాపలా కాస్తా కూర్చుని బ్యాటరీ మొత్తం తినేస్తందండి. రోజూ తిప్పే బండికైతే పర్లేదు. మీరు తిప్పట్లేదు కదండీ. తీసేయమంటారా?"

వద్దన్నాను. ఆవిడ ముచ్చటపడి పెట్టించినవన్నీ ఇంట్లో ఒక్కొక్కటే పాడైపోతున్నాయి. పనిచేస్తున్న దాన్ని నా అంతట నేను పీకించడానికి మనసొప్పలేదు. అతను ఇంకో ఉపాయం చెప్పాడు. కారు పెట్టేశాక బ్యాటరీ వైరొకటి ఊడదీసి పక్కన పెట్టాలి. బయల్దేరేటప్పుడు మళ్ళీ తగిలించుకోవాలి.

తగిలించగానే, ఎవడో దొంగ చెయ్యి పెట్టాడనుకుని అది గావుకేకలు పెట్టేది. చేతులు తుడుచుకుని, జేబులోంచి రిమోటు తీసి నొక్కేలోపే పక్కింటావిడ గోడ దగ్గరికి వచ్చేసేది.

"దూరమాండీ అన్నయ్యగారూ?"

మా వైపు బయల్దేరుతున్న మనిషిని ఎక్కడికని అడగరు. అడిగితే వెళ్ళిన పని చెడుతుందని నమ్మకం. అందుకని దూరమా అంటారు. మాది చర్చికి వెళ్ళే ఇల్లు, అలాంటి పట్టింపులు లేవు. అయినా ఆ మాట వినడం నాకు బాగుండేది. అవునని గాని కాదని గాని అంటే సరిపోతుంది, ఊరి పేరు చెప్పక్కర్లేదు. నేను మాత్రం మొదటిసారి అడిగినప్పుడే "ఆత్రేయపురం దాకానమ్మా" అనేశాను. నిజానికి ఆ రోజు నేను ఎక్కడికీ బయల్దేరలేదు, ఇంజను కాసేపు తిప్పి ఆపేద్దామనుకున్నాను. నోరు జారాక వెళ్ళక తప్పలేదు. గట్టు రోడ్డున వెళ్ళి, పూతరేకులు కొని తిరిగొచ్చాను. గేటు తీస్తుంటే ఆవిడ, "వచ్చేశారాండీ? బోయినం వేళకి వస్తారో రారో అనుకుంటన్నాం" అంది.

కారు దిగకుండా షెడ్డులో అలాగే కూర్చుండిపోయాను. నేను ఇంకా రాలేదని ఒకరు అనుకున్నారు. అలా అనుకునేవాళ్ళు ఉండి ఎన్నాళ్ళయిందో. పూతరేకులు వాళ్ళకే ఇచ్చేశాను. ఒక్కణ్ణీ తినాలంటే గొంతు దిగవు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక కారు తీసేవాణ్ణి. వెళ్ళినచోట పనేమీ ఉండేది కాదు. వచ్చాక 'వచ్చేశారా' అనే ఆ ఒక్క మాట కోసమే వెళ్ళేవాణ్ణి. మనిషి గడప దాటితే తిరిగొచ్చాడో లేదో తెలిసినవాళ్ళు లోకంలో ఒక్కరైనా ఉండాలి. ఇదివరకు అది నా భార్యకు తెలిసేది. ఇప్పుడు ఆ కూత వల్ల పక్కింటికి తెలుస్తోంది.

చలికాలంలో పక్కింటావిడ కూతురు పురిటికి వచ్చింది. బిడ్డను ఇంటికి తెచ్చాక వచ్చిన ఆదివారం నా కారు అరిచింది. లోపల పసిగుడ్డు గుక్కపట్టి ఏడ్చింది. ఆవిడ గోడ దగ్గరికి వచ్చి, చెప్పలేక చెప్పలేక చెప్పింది.

"ఏవనుకోకండి అన్నయ్యగారూ. పిల్ల జడుసుకుంటందండి. ఆ కూత కాస్త తగ్గే ఉపాయం ఏవన్నా ఉంటే..."

"అయ్యో, దానికేముందమ్మా" అన్నాను. మర్నాడే మెకానిక్‌ను పిలిపించాను. అతను నల్లటి చిన్న డబ్బా ఒకటి పీకి నా చేతిలో పెట్టాడు. ఇక వైరు ఊడదీసే పని లేదన్నాడు. తాళం తిప్పితే ఇంజను బుద్ధిగా అందుకుంది. వీధిలో ఎవరూ తల తిప్పలేదు.

ఆ ఆదివారం నిజంగానే దూరం వెళ్ళాను. నా భార్య సమాధి జంగారెడ్డిగూడెంలో, వాళ్ళమ్మ సమాధి పక్కనే ఉంది. అలా కావాలని ఆవిడే అడిగింది. ఖననం రోజు తర్వాత నేను మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు, ధైర్యం చాలలేదు. ఆ పూట చర్చి మానుకుని, పొద్దున్నే బయల్దేరి గేటు దగ్గర కారు ఆపి కావాలనే ఆలస్యం చేశాను. పక్కింట్లో ఉయ్యాల గొలుసుల చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ బయటికి రాలేదు. హారన్ కొడదామని చెయ్యి వేసి, పసిపిల్ల గుర్తొచ్చి తీసేశాను.

సమాధి చుట్టూ గడ్డి మోకాళ్ళెత్తు పెరిగింది. పీకి శుభ్రం చేశాను. ప్రార్థన చేయబోతే ఏడుపు వచ్చింది. దారిపొడుగునా పామాయిల్ తోటలు చూసుకుంటూ, ఎక్కడా ఆగకుండా వెనక్కి వచ్చాను. ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. కారు షెడ్డులో పెట్టి, కాళ్ళు కడుక్కుని మెట్ల మీద కూర్చున్నాను.

పక్కింటావిడ తీగ మీది బిడ్డ గుడ్డలు తీస్తూ నన్ను చూసింది.

"ఏంటండీ అన్నయ్యగారూ, ఈ ఆదివారం ఎక్కడికీ ఎల్లలేదా?"

"లేదమ్మా" అన్నాను. "ఇంట్లోనే ఉన్నాను."