మా శీను గిర్ని శ్రుతి

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. ఉద్యోగమంతా సిద్దిపేట కరెంటాఫీసులో చేసినదాన్ని. దానంతటదే వెలిగిన బల్బు గురించి, దానంతటదే తిరిగిన ఫ్యాను గురించి నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు. అన్నీ చివరికి ఏ వదులు వైరో, ఏ తడిసిన గోడో అని తేలేవి. వీధిలో ఎవరికైనా గాలి సోకిందని తెలిస్తే, తాయెత్తు కట్టే ముందు డాక్టరుకు చూపించమని తిట్టేదాన్ని. నన్ను వెనకాల మొండిఘటం అనేవాళ్లు. కొందరు ముఖం మీదే అనేవాళ్లు.

కాబట్టి ఇది ఎవరినో నమ్మించాలని రాయడం లేదు. నాకే నమ్మకం కుదరని సంగతి ఇది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా తమ్ముడు శీను గిటారు వాయించేవాడు. పాటలు తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడేవాడు. భజన పాటలు కాదు, సినిమా పాటలు కాదు, రాక్ పాటలు. సిద్దిపేటలో రాక్ పాటలేమిటని మీకు నవ్వొస్తే తప్పులేదు. మేమూ కడుపుబ్బ నవ్వాం.

మాది పిండి గిర్ని. ముందు గిర్ని, వెనక ఇల్లు. మేము బాపు అని పిలిచే నాన్న పొద్దున మోటారు వేస్తే గోడలు, గిన్నెలు, మంచం మీద మేము, అందరం సన్నగా వణికేవాళ్లం. శీను పదో తరగతిలో ఉండగా మా మేనమామ ఒక పాత గిటారు తెచ్చి ఇచ్చాడు. నేర్పేవాళ్లు లేరు. తీగలు ఏ శ్రుతికి బిగించాలో చెప్పేవాళ్లు అంతకంటే లేరు. వాడికి పొద్దస్తమానం వినపడే స్వరం ఒక్కటే, గిర్ని మోత. దానికే తీగలు బిగించుకున్నాడు. శ్రుతి అంటే అదే అనుకున్నాడు పిచ్చోడు.

గిర్నిలో పెరిగినవాళ్లకు ఒక సంగతి తెలుసు. మోత ఎప్పుడూ ఒక్కలా ఉండదు. పసుపు కొమ్ములు పోస్తే మోటారు మూలుగుతూ గొంతు దించుతుంది. జొన్నలకు కాస్త తేలిక పడుతుంది. మక్కలకు, అదే మొక్కజొన్నలకు, ఇంకో రకం. కళ్లు మూసుకుని కూర్చున్నా తొట్టిలో ఏ గింజ ఉందో నేను చెప్పగలిగేదాన్ని. శీను పాట కట్టిన రోజు గిర్నిలో ఏది పడుతుంటే ఆ పాటకు అదే శ్రుతి. కొన్ని జొన్న పాటలు, కొన్ని పసుపు పాటలు.

హైదరాబాదు వెళ్లాక అక్కడి వాయిద్యగాళ్లు వాడిని చూసి తలలు పట్టుకున్నారట. నీ గిటారు ఏ మెట్టు మీదా లేదు, రెండు మెట్ల నడుమ నిలబడి ఉంది, సరిచేసుకో అన్నారు. వీడు సరిచేసుకోలేదు. సరిచేస్తే పాట తనది కానట్టు ఉందన్నాడు. అందరూ వదిలేశారు, కీబోర్డు వాయించే అన్వర్ తప్ప. అన్వర్ తన కీబోర్డునే వీడి గిటారుకు దించుకున్నాడు. వాళ్లిద్దరి చుట్టూ బ్యాండు ఒకటి తయారైంది. దానికి గిర్ని గల్లీ అని పేరు పెట్టారు.

పక్క ఊరు చింతమడకకు పోయే ఆటో మీద శీను ఒక పాట రాశాడు. ఆటోవాడు "ఇంకొక్కలు ఎక్కితే పోదం" అంటూనే ఉంటాడు, పాట అయిపోయేదాకా ఆటో కదలదు. ఆ పాటకు హైదరాబాదు కాలేజీ పిల్లలు కుర్చీలెక్కి ఎగిరారు. బాపు దాన్ని గిర్నిలో కూర్చుని శ్రద్ధగా చివరిదాకా విని, "గంతా మంచిగనే ఉన్నది గని, ఆటో ఎప్పుడు పోతదిరా?" అని అడిగాడు. శీను ఆ మాటను కూడా తర్వాత పాటలో పెట్టుకున్నాడు.

పెద్ద పేరేమీ రాలేదు వాడికి. కానీ వాడి పాటలు తెలిసినవాళ్లకు ప్రాణంగా ఉండేవి. కచేరీ ఉన్న రోజు మధ్యాహ్నం నాకు ఫోను చేసేవాడు. "అక్కా, జరంత జొన్నలు పోయించవా" అనేవాడు. నేను భోజనం విరామంలో ఇంటికొచ్చి, ఫోను మోటారు దగ్గర పట్టుకుని నిలబడేదాన్ని. అవతల వాడు తీగలు బిగించుకునేవాడు. ఆఫీసులో నన్ను చూసి నవ్వేవాళ్లు. తమ్ముడంటే అంతే మరి.

నాకు మాత్రం పాట రాదు. నేను జోలపాడితే నిద్రపోయే పిల్లలు లేచి ఏడ్చేవారు. శీను నన్ను చచ్చినా పాడొద్దని దండం పెట్టేవాడు.

వాడికి ఒక్కతే కూతురు, వెన్నెల. అక్షరాభ్యాసానికి వర్గల్ సరస్వతమ్మ గుడికి తీసుకెళ్లినప్పుడు పలక పక్కన గిటారు కూడా పెట్టాడు. పంతులు నవ్వి దానికీ అక్షింతలు వేశాడు. నడక బాగా రాకముందే ఆ పిల్ల పాట పట్టుకుంది. శీనుకు ఒక పద్ధతి ఉండేది. కొత్త పాటను తను ఎంత బాగా పాడినా రికార్డు చేసేవాడు కాదు. ముందు వెన్నెలకు నేర్పాలి. ఆమె తడబడకుండా తిరిగి పాడాలి. ఇంకో గొంతులోకి వెళ్లి బతికి వస్తేనే అది పాట అనేవాడు.

బాపు పోయాక గిర్ని ఎన్నాళ్లో నడవలేదు. అందరూ పిండి ప్యాకెట్లు కొంటున్నారు. మోటారు అమ్మేశాం. రాయి, తొట్టి మాత్రం ఉండిపోయాయి, వాటిని కొనేవాళ్లు లేక. అప్పటికి శీనుకు ఆ మోతలన్నీ చెవిలో స్థిరపడిపోయాయి. ఫోను చేయడం మానేశాడు. నా మనసు కాస్త చిన్నబోయింది, ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ల కిందట వాడికి కడుపులో గడ్డ బయటపడింది. బాగా ముదిరిపోయాక తెలిసింది. హైదరాబాదులో దవాఖాన మంచం మీద చివరి పాట కట్టాడు. గిటారు లేదు. గొంతు లేవడం లేదు. వెన్నెల చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్కో చరణం చెప్పేవాడు. ఫోనులో రికార్డు చేసుకుందామని అన్వర్ బతిమాలితే, "ముందుగల్ల బిడ్డ గొంతుల పడనీ" అన్నాడు. పాట మొత్తం ఆమెకు ఇచ్చాడు. ఆమె తిరిగి పాడే లోపు వాడు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత వెన్నెల పాడలేదు. ఆ పాటే కాదు, ఏ పాటా పాడలేదు. కాలేజీకి వెళ్లేది, వచ్చేది, అడిగినదానికి జవాబిచ్చేది. అంతే. శీను భార్య కవిత ఒకరోజు నా దగ్గర కూర్చుని ఏడ్చింది. "ఆయిన పోయిండు వదినె, ఓర్సుకున్న. గీ పిల్ల నోరు గూడ ఆయినతోనే పోయింది. గిది ఓర్సుకునుడు నాతోని అయితలేదు" అంది.

బ్యాండు వాళ్లు పిల్లను కూర్చోబెట్టి చాలాసార్లు ప్రయత్నించారు. అన్వర్ పాత పాటల శ్రుతులన్నీ ఒక్కొక్కటీ వినిపించాడు. జొన్నది పెట్టాడు, పసుపుది పెట్టాడు. ఆమె నోరు తెరిచేది, ఇది కాదని తల అడ్డంగా ఊపేది, లేచి వెళ్లిపోయేది. ఆ పాట ఏ గింజ శ్రుతిదో శీను పేరు పెట్టి చెప్పలేదు. ఆమె పాడకపోతే ఆ పాట లేనట్టే. అంతకంటే, ఆ పిల్ల అట్లాగే మూగగా ఉండిపోతుందేమోనని మా అందరి భయం.

సంవత్సరీకం మా ఇంట్లోనే చేశాం. భోజనాలయ్యాక గిర్ని గదిలో శీను పాటలు వాయిద్దామని బ్యాండు వాళ్లు సామాను తెచ్చారు. ఆ రోజు మా వైపు కరెంటు లేదు. చెట్ల కొమ్మలు కొట్టడానికి లైను ఆపారు. ఆఫీసులో పాతవాళ్లను అడిగి ఆ సంగతి నేను ముందే తెలుసుకున్నాను. సాయంత్రానికి గానీ రాదన్నారు. కీబోర్డు పనిచేయదని అన్వర్ వ్యానులో బ్యాటరీ కోసం వెతకడానికి బయటికి వెళ్లాడు. మిగతావాళ్లు పెరట్లో చేతులు కడుక్కుంటున్నారు. కవిత వంటింట్లో ఉంది.

నేను ట్రేలో చాయ్ పెట్టుకుని గిర్ని గదిలోకి వెళ్లాను. వెన్నెల ఒక్కతే ఉంది. నాన్న గిటారు ఒళ్లో పెట్టుకుని, తీగలు ముట్టుకోకుండా కూర్చుంది. వాడు పోయిన రోజు ఎవరో ఆ తీగలు వదులు చేసి పెట్టారు, మళ్లీ బిగించినవాళ్లు లేరు.

గుమ్మం దాటగానే మోత వినిపించింది.

ఎక్కడో దూరాన కాదు. అక్కడే, గోడలోనుంచి, కాళ్ల కింది బండలోనుంచి. చిన్నప్పటి మోత. ట్రేలో చాయ్ వణుకుతోంది. నా చెయ్యి వణుకుతోందేమోనని ట్రే తీసి గిర్ని రాయి మీద పెట్టాను. అక్కడా వణికింది. గోడకు అరచెయ్యి ఆనించాను. అది చేతికి తగులుతూనే ఉంది. భయం వేయలేదు. ఇంట్లోవాళ్లు ఎవరో తిరిగి వచ్చి పనిలో పడితే ఉండే నిమ్మళం ఉంది చూడండి, అట్లాంటిది కలిగింది. ఏ గింజ పడుతోందా అని అలవాటుగా చెవి పెట్టాను. జొన్న కాదు, మక్క కాదు, పసుపు కాదు. నాకు తెలిసిన ఏ గింజా కాదు.

చూస్తుండగానే వెన్నెల గిటారు మరలు తిప్పడం మొదలుపెట్టింది. ఒక్కో తీగా మెల్లగా పైకి వచ్చి ఆ మోతలో కలిసిపోయింది. ఆపైన పాడింది. ముందు గొంతు బొంగురుపోయింది, రెండో చరణానికి తేరుకుంది. బజారులో గాజులమ్మే ముసలమ్మ మీద పాట అది. పెద్ద మాటలేమీ లేవు అందులో. ఆమె గాజు తొడిగేటప్పుడు పిల్లలకు చెయ్యి నొవ్వకుండా వాళ్లతో కబుర్లు చెప్పడం ఉంది. మా శీను పాట అంటే అట్లాగే ఉంటుంది. కవిత గరిటె చేతిలో పట్టుకునే వచ్చి గుమ్మంలో కూలబడింది.

పాట అయ్యేసరికి మోత లేదు. ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

అన్వర్ వ్యాను దగ్గరనుంచి పరుగెత్తుకొచ్చాడు. మోటారు ఉండాల్సిన చోటు చూశాడు, నన్ను చూశాడు. "అక్కా, గిర్ని ఎవలు వేసిన్రు?" అన్నాడు. మోటారు అమ్మేసిన సంగతి అతనికి తెలుసు. తెలిసే అడిగాడు. డ్రమ్ములు వాయించే కుర్రవాడు పెరట్లోనే ఉన్నాడు, తనకేమీ వినపడలేదన్నాడు. కవితకు పాట మాత్రమే వినిపించిందట.

నేను ఊరుకునే మనిషిని కాను. బయటికి వెళ్లి వీధంతా తిరిగాను. ఎవరింట్లోనూ జనరేటరు లేదు, బోరు నడవడం లేదు. లైన్‌మన్‌కు ఫోను చేస్తే కొమ్మలు ఇంకా కొడుతూనే ఉన్నామన్నాడు. తిరిగొచ్చి వెన్నెల పక్కన కూర్చున్నాను. ఆ మోత వినగానే శ్రుతి అదేనని నీకెట్లా తెలిసింది బిడ్డా అని అడిగాను.

వెన్నెల నా వైపు వింతగా చూసింది.

"ఏం మోత అత్తమ్మా? నాకేం ఇనపడలే. నువ్వు గోడకు చెయ్యి వెట్టి, నోరు మూసుకొని రాగం తీస్తున్నవు. నాయిన నా చెవుల గట్లనే తీసిండు. నేను నీ గొంతుకే తీగలు బిగిచ్చిన."

నేను రాగం తీయలేదు. తీసినట్టు నాకు తెలియదు. ఆ పాటను నేను అంతకుముందు ఎన్నడూ విననైనా లేదు. కవితను అడిగాను. తను వచ్చేసరికే పిల్ల పాడుతోందని, నా సంగతి చూడలేదని అంది.

మనసు చేసిన మాయ అని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. తమ్ముడి మీద బెంగతో నాకు మోత వినపడిందనుకుందాం. మరి బయట వ్యానులో తల దూర్చి ఉన్న అన్వర్‌కు ఏం వినపడింది? సరే, అది కూడా వదిలేయండి. ఒక్క స్వరం నిలపలేని నా గొంతులోకి, వాడు కూతురి చెవిలో మాత్రమే తీసిన శ్రుతి ఎట్లా వచ్చింది?

ఇప్పుడు వెన్నెల గిర్ని గల్లీతో పాడుతోంది. చదువు చదువుకుంటూనే ఊళ్లు తిరుగుతోంది. ఇంటికొస్తే నోరు మూయదు, కవిత విసుక్కుంటుంది, విసుక్కోవడంలో ఎంత సంతోషముందో నాకు తెలుసు. గాజుల పాటకు మిగతా పాటల్లా గింజ పేరు లేదని, బ్యాండు వాళ్లు దాన్ని అత్తమ్మ శ్రుతి అంటున్నారు. వద్దని చెప్పి చూశాను, వినలేదు.

అన్వర్ మాత్రం వచ్చినప్పుడల్లా ఒక్కసారి ఆ రాగం తీయక్కా అంటాడు. తలుపు వేసుకుని, ఎవరూ లేనప్పుడు నేనూ ప్రయత్నించాను. గోడకు చెయ్యి ఆనించి కూడా తీశాను. మామూలు నా గొంతే వచ్చింది, గాడిద గొంతు. ఆ రోజు వచ్చింది ఎవరిదో నాకు తెలియదు. ఎవరిదైనా సరే, పిల్ల పాడింది.