గుర్రపు డెక్క కింది చప్పుడు

మా ఇంటాయన గంగారాం, మా ఊరి చెరువుల మునిగిపోయిండని చెప్పవచ్చినప్పుడు నేను పొయ్యి కాడ జొన్నరొట్టె తిప్పుతున్న. రొట్టె మాడేదాక ఆ మాట నాకు సమజ్ కాలే. పదకొండొద్దులాయె. బిడ్డ రాస్తుంటే చెప్తున్న. ఆయనను ఎరిగినోళ్లు, ఎరగకుండ తిట్టినోళ్లు, అందరు సదవాలె.

రెంజల్ దిక్కు మా చెరువు ఒకప్పుడు కలువలతోటి నిండి ఉండేది. ఇప్పుడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు గుర్రపు డెక్క ఆకే. నున్నగ, పచ్చగ, చేను లెక్క. గాలి మళ్లితే చేనుకు చేనే కదులుతది. ఒక బర్రె నేలనుకొని నడిచిపోయింది, మల్ల కనవడలే. కలువ మొగ్గలు కిందనే మురిగినయి. నీటికోళ్లు పోయినయి. పొద్దుగాల పిట్ట కూత ఉండదు. "వేరే చెరువుల ఏసిన వలలు కడగకుండ తెచ్చి గంగారామే అంటించిండు" అని ఊరంత అన్నది. ఆయన కాదనలే.

కొర్రమట్ట చేపకు నీళ్లల్ల గాలి సాలదు, పైకొచ్చి గుటక మింగాలె. ఒకనాడు నన్ను తెప్ప మీద పండవెట్టి, చెవి ఆకులకు ఆనియ్యమన్నడు. కింద నుంచి టక్, టక్.

"ఏందయ్య గది?"

"కొర్రమట్టలే. తలుపు కొడ్తున్నయి. తియ్యకుంటే పాపం గాదా?"

శాన దినాలు అన్నం ముంగట గూడ నాకు గదే ఇనవడ్డది.

రోజూ కొడవలితోటి మంచమంత జాగ కోసి, చుట్టు వెదురు కట్టేటోడు. మర్నాటికి మూసుకపోయేది. "చెరువుకు గడ్డం గీస్తున్నవా గంగన్నా, రేపటికి మల్ల మొలుస్తది" అని నవ్వేటోళ్లు. "ముక్కు మూసుకొని జరసేపు కూసోండ్రి, అప్పుడు మాట్లాడుదం" అనేటోడు.

ఆయన పోయిన పొద్దు కాలుకు వేర్లు సుట్టుకున్నయట. మనుషులు ఉరికొచ్చేసరికి ఆయన కోసిన జాగ మీద ఆకులు కలిసిపోయినయి. ఒక్క పువ్వు గూడ కదుల్తలేదట.

ఇగ నేను దాసింది చెప్త. గుర్రపు డెక్క తెచ్చింది ఆయన గాదు, నేను. బిడ్డ పుట్టిన ఏడు నిజాంసాగర్ కాలువల దాని ఊదారంగు పూలు సూసి మనసుపడ్డ. బతుకమ్మ అడుగున పెడితే మా చెరువుల శానసేపు తేలుతదని వేర్లతోటి, బుడ్డలతోటి పీకి తెచ్చిన. అక్కలందరు మెచ్చుకున్నరు. సంగతి తెలిసినంక ఆయన కోపం చెయ్యలే. "ఎవ్వలకు చెప్పకే. ఆడోళ్లు నిన్ను బతుకమ్మ కాడికి రానియ్యరు. నా మీదనే ఉండనియ్యి" అన్నడు. ఎప్పుడన్న కోసి కోసి యాష్టకొస్తే చెరువు దిక్కు సూసి నవ్వేటోడు: "సూడవే, నీ బతుకమ్మ ఇంక మునగనే లేదు."

మొగడు పోయినదాన్ని, ఇగ బతుకమ్మకు నన్ను పిలిచేటోళ్లు లేరు. దాసుడు ఇంక దేనికి? చెయ్యని తప్పును ఇన్నేండ్లు నెత్తి మీద మోసిండు. అసోంటోడు మల్ల నాకు దొరకడు, ఆ చెరువుకూ దొరకడు. తిట్టేది ఉంటే నన్ను తిట్టుండ్రి. ఆయన పేరు ఇడిసిపెట్టుండ్రి.